పొరుగు ఎవరు, ఎందరు?

మైన్‌స్వీపర్ ఆడకుండా ఇంజనీరింగు పూర్తిచేసినవాళ్ళు మా బ్యాచ్‌లో ఎవరూ లేరు. ల్యాబ్‌లో సారు అటు తిరగగానే అందరి తెరల మీదా ఆ బూడిదరంగు గళ్ళే. ఒక గడి నొక్కితే 2 అనో 3 అనో అంకె పడుతుంది. ఆ గడి చుట్టూ ఉన్న ఎనిమిది గళ్ళలో ఎన్నింటిలో మైను ఉందో చెప్పే అంకె అది. 1970లో జాన్ కాన్వే తయారుచేసిన ‘గేమ్ ఆఫ్ లైఫ్’ కూడా అంతే కదా: ప్రతి గడీ తన ఎనిమిది పొరుగు గళ్ళలో బతికున్నవెన్నో లెక్కపెట్టుకుని, తను బతకాలో చావాలో తేల్చుకుంటుంది. మరుసటి ఏడాది థామస్ షెల్లింగ్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు ఇదే లెక్కను మనుషులకు వర్తింపజేశాడు. తన చుట్టుపక్కల తనలాంటివాళ్ళు కొద్దిమందైనా ఉండాలని ప్రతివాడూ కోరుకుంటే చాలు, ఊరు ఎలా రెండు ముక్కలవుతుందో చూపించాడు. (ఈయనకు 2005లో నోబెల్ వచ్చింది, వేరే పనికి లెండి.)

ఈ మూడింటిలోనూ ఉన్న లెక్క ఒకటే. చుట్టుపక్కల ఏ రకంవి ఎన్ని ఉన్నాయి? ఈ నెల కాలమ్‌లో దాని గురించే మాట్లాడుకుందాం. కాకపోతే గళ్ళ పలక మీద కాదు, నేల మీద. పలక మీద పొరుగు ఎవరన్నది ఆట నియమమే చెప్పేస్తుంది. నేల మీద ఆ నియమం మనమే పెట్టుకోవాలి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ముందు ప్రశ్నను సరిగ్గా చెప్పుకుందాం. మన దగ్గర కొన్ని వేల బిందువులున్నాయి. ప్రతిదానికీ అక్షాంశం, రేఖాంశం, ఒక రకం. రకం అంటే ఇల్లు, దుకాణం, బడి, పంపుషెడ్డు... ఏదైనా కావచ్చు. ప్రతి బిందువు చుట్టూ, ఉదాహరణకి 200 మీటర్ల లోపల, ఒక్కో రకంవి ఎన్ని ఉన్నాయో చెప్పే పట్టిక కావాలి. బిందువుకో వరుస, రకానికో నిలువు గడి. అంతే. ఆర్ భాష వాడేవాళ్ళకి స్పాట్‌స్టాట్ అనే ప్యాకేజీలో మార్క్‌టేబుల్ అనే ఫంక్షన్ సరిగ్గా ఈ పనికోసమే ఉంది. అడ్రియన్ బాడ్లీ, రాల్ఫ్ టర్నర్ మొదలుపెట్టిన ప్యాకేజీ అది. అడవిలో ఏ చెట్టు పక్కన ఏ చెట్టు పెరుగుతోందో చూసేవాళ్ళు, మైక్రోస్కోపు కింద ట్యూమరు కణాల పక్కన ఏ రకం కణాలు చేరాయో చూసేవాళ్ళు, కొత్త కొట్టు ఎక్కడ పెట్టాలా అని ఆలోచించేవాళ్ళు – అందరిదీ ఈ పట్టికే.

ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే పది నిమిషాల్లో రాసిచ్చేస్తాం. నేనూ అలానే అనుకుని ఖబూరా ఫైలు తెరిచాను.

ఖబూరా ఎక్కడుందో ముందు చెప్పాలి. ఒమాన్‌లో, మస్కట్ నుంచి వాయవ్యంగా బాతినా తీరం వెంబడి కారులో రెండు గంటల దూరం. సువైక్ దాటాక, సహమ్ రాకముందు వస్తుంది. ఒకపక్క సముద్రం, దాన్ని ఆనుకుని ఊరు, ఖర్జూరపు తోటలు, పొలాలు, ఆ వెనక హైవే, హైవే దాటితే హజర్ కొండల దాకా గులకరాళ్ళ మైదానం. కొండల్లోంచి దిగే వాదీలు ఊళ్ళ మధ్యనుంచి సముద్రంలోకి పోతాయి. వాదీ అంటే మన వాగే. పేరు కూడా చెవికి దగ్గరగానే ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ భాగం ఎండిపోయి, పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకునేంత నిర్భయంగా ఉంటుంది. (1970లలో ఇంగ్లండులోని డరమ్ యూనివర్సిటీవాళ్ళు ఈ ఊళ్ళోనే ఒక అభివృద్ధి ప్రాజెక్టు మొదలుపెట్టి, తోటలు, మేకలు, తేనెటీగల మీద పనిచేశారు. కాబట్టి ఖబూరాలో లెక్కలు తీయడం నాతో మొదలైంది కాదు.)

మనవాళ్ళకు ఈ ఊరితో ఉన్న సంబంధం ఒక తుఫాను. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుఫాను శ్రీకాకుళం జిల్లాలో, కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. ఆ తర్వాత బలహీనపడి, తెలంగాణ మీదుగా, మహారాష్ట్ర మీదుగా గుజరాత్ దాకా వెళ్ళి, అరేబియా సముద్రంలో దిగి మళ్ళీ బలం పుంజుకుంది. అప్పుడు దానికి షహీన్ అని ఇంకో పేరు పెట్టారు. అక్టోబరు 3న సువైక్ పరిసరాల్లో ఒమాన్ తీరాన్ని తాకింది. ఉత్తర ఒమాన్ తీరాన్ని ఒక తుఫాను నేరుగా తాకడం 1890 తర్వాత అదే మొదటిసారి. ఏడాది మొత్తానికి 100 మిల్లీమీటర్లు పడితే ఎక్కువనుకునే ప్రాంతంలో, ఖబూరాలో ఒక్క రోజులో 300 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. వాదీలన్నీ ఒక్కసారిగా పారాయి. సువైక్, ఖబూరా బాగా దెబ్బతిన్నాయి. అంటే శ్రీకాకుళంలో కొబ్బరిచెట్లు పడగొట్టిన తుఫానే, వారం తిరిగేసరికి ఇక్కడ ఖర్జూరపు తోటల్ని ముంచిందన్నమాట.

మరుసటి ఏడాది నేను మస్కట్‌లో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. ఒక ప్రైవేటు సంస్థ మళ్ళీ ఇలాంటిది వస్తే తాగునీటి ట్యాంకులు, జనరేటర్లు, పంపులు ముందుగా ఎక్కడ పెట్టి ఉంచాలో తేల్చుకోవాలనుకుంది. వాళ్ళు తీయించిన సర్వే ఫైలు నా దగ్గరికి వచ్చింది. కట్టడానికో వరుస. ఎక్కడుంది, ఏ రకం, ఎంత నష్టం. వాళ్ళ ప్రశ్న: ప్రతి కట్టడం చుట్టూ నివాసాలెన్ని, దుకాణాలెన్ని, అందులో దెబ్బతిన్నవెన్ని? ఎక్కువ వచ్చిన చోట ట్యాంకు పెడతారు. నాకంటే ముందు పనిచేసినవాళ్ళు రాసిపెట్టిన ఎస్‌క్యూఎల్ కూడా ఫైలుతోపాటే వచ్చింది. నా పని దాన్ని సరిచూసి, వేగం పెంచి ఇవ్వడం.

మొదటి సంగతి మీలో చాలామందికి తెలిసిందే కాబట్టి త్వరగా చెప్పేస్తాను. డిగ్రీలు మీటర్లు కావు. అక్షాంశంలో ఒక డిగ్రీ ఎక్కడైనా దాదాపు 111 కిలోమీటర్లు. రేఖాంశంలో ఒక డిగ్రీ మాత్రం భూమధ్యరేఖ నుంచి దూరం జరిగేకొద్దీ కుంచించుకుపోతుంది. ఖబూరా ఉన్న 24 డిగ్రీల దగ్గర సుమారు 102 కిలోమీటర్లు, లండన్‌లో సుమారు 69. 200 మీటర్లకు బదులు 0.0018 డిగ్రీలు అని రాసుకుంటే, ఖబూరాలో మీ వృత్తం తూర్పు పడమరలుగా 183 మీటర్లకే ఆగిపోతుంది. లండన్‌లో అయితే 125. వృత్తం అనుకుని కోడిగుడ్డు గీసినట్టు. దీనికి మందు తేలిక. బిందువుల్ని ముందుగా యూటీఎం లాంటి మీటర్ల కొలతలోకి మార్చుకోవాలి. యూటీఎం 40వ జోను మధ్యరేఖ 57 డిగ్రీల మీద ఉంటుంది, ఖబూరా దాదాపు దాని మీదే కూర్చుంది. ఇంతకంటే సుఖం లేదు. అనంతపురానికి 43, హైదరాబాదుకి 44 వాడాల్సిరావడంతో పోలిస్తే ఇది వరమే.

దీంతోపాటే ఇంకొకటి. ఫైల్లో దశాంశ స్థానాలు ఎన్నున్నాయో చూడండి. మూడే ఉంటే ఒక మెట్టు వంద మీటర్లు. అలాంటి డేటా మీద 200 మీటర్ల పొరుగును లెక్కపెట్టడమంటే గుడ్డతో కొలిచే టేపుతో బంగారం తూచినట్టు.

వేగం సంగతి కూడా అంత పెద్దదేం కాదు. 20,000 బిందువులుంటే జంటలు సుమారు 20 కోట్లు. ఇవాళ్టి ల్యాప్‌టాప్‌కి అది పెద్ద పని కాదు. అదే రెండు లక్షల బిందువులైతే జంటలు 2,000 కోట్లు, అప్పుడు ఆలోచించాలి. నాకు నచ్చిన పద్ధతి అన్నిటికంటే మొరటుది: నేలను 200 మీటర్ల గళ్ళుగా కోసి, ప్రతి బిందువును దాని గడిలో పడేయడం. ఒక బిందువుకు పొరుగులు కావాలంటే తన గడి, చుట్టూ ఉన్న ఎనిమిది గళ్ళు వెతికితే చాలు. మళ్ళీ మైన్‌స్వీపరే! ఇక 1975లో జాన్ బెంట్లీ చెప్పిన కేడీ-ట్రీ, 1984లో ఆంటొనిన్ గుట్‌మన్ చెప్పిన ఆర్-ట్రీ మీరు కాలేజీలో చదివే ఉంటారు. పోస్ట్‌జీఐఎస్ లోపల నడిచేది ఆర్-ట్రీ తరహాదే. స్పేషియల్ ఇండెక్సు ఒకటి కడితే పాత క్వెరీ కాఫీ తాగేలోపల పూర్తయింది. క్లయింటు సంతోషించాడు. నా పని అయిపోయినట్టే.

అవలేదు. ఇన్‌పుట్‌లో ఎన్ని వరుసలున్నాయో, అవుట్‌పుట్‌లో అన్ని లేవు.

ఇది ఎలా జరిగిందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన వృత్తిలో ఇది నేను ఎన్నోచోట్ల చూశాను. పొరుగుల లెక్కకు పట్టికను దానితోనే జాయిన్ చేస్తాం. ‘ఏ’కి ‘బీ’ 200 మీటర్ల లోపల ఉంటే జంట కలుస్తుంది. అలా చేస్తే ప్రతి బిందువూ తనకు తానే పొరుగవుతుంది, దూరం సున్నా కదా. కాబట్టి ప్రతి లెక్కలోనూ ఒకటి ఎక్కువ వస్తుంది. ఎవరో ఒకరు దాన్ని గమనించి, ‘ఏ, బీ ఒకటే కాకూడదు’ అని షరతు పెడతారు. సరైన షరతే. (ఆ షరతును దూరంతో పెట్టకూడదు, ఐడీతో పెట్టాలి. ఒకే బిల్డింగులో రెండు దుకాణాలకు ఒకే అక్షాంశ రేఖాంశాలుంటే, దూరం సున్నా అని రెంటినీ పారేస్తే అవి పొరుగులే కాకుండా పోతాయి.) మార్క్‌టేబుల్ అయితే మనం చెప్పకుండానే సొంత బిందువును వదిలేస్తుంది.

అయితే ఆ దిద్దుబాటుతో మరొకటి జరిగిపోయింది. 200 మీటర్లలో ఎవరూ లేని బిందువుకు అంతకుముందు తను ఒక్కడైనా పొరుగుగా ఉన్నాడు, ఆ వంకతో ఫలితంలో ఒక వరుస మిగిలింది. ఇప్పుడు అదీ పోయింది. జాయిన్‌లో జంట దొరకని వరుస ఫలితంలోకి రాదు కదా. సున్నా అని రాయాల్సిన చోట ఏమీ లేదు. పొరుగు లేనివాడు పట్టికలోంచే మాయమైపోయాడు. ఎర్రర్ రాలేదు, వార్నింగ్ లేదు. పైపెచ్చు సగటులు అందంగా కనిపిస్తాయి. ఐదు బిందువుల లెక్కలు 3, 3, 0, 0, 0 అనుకోండి. అసలు సగటు 1.2. సున్నాలు మాయమైతే సగటు 3. రెండో సంఖ్య చూసిన మేనేజరు ఎందుకు అనుమానపడతాడు?

రకాల విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఒక బిందువుకు నాలుగు ఇళ్ళు పొరుగున్నాయి, దుకాణాలు లేవు. గ్రూప్ బై చేస్తే ‘ఇల్లు 4’ అని వస్తుంది, ‘దుకాణం 0’ అని రాదు. గ్రూప్ బైకి ఉన్నవాటిని లెక్కపెట్టడం తెలుసు, లేనివాటి సంగతి తెలీదు.

దీనికి మందు: ముందుగా అన్ని బిందువుల్నీ అన్ని రకాలతో గుణించి ఖాళీ పట్టిక ఒకటి తయారుచేసుకోవాలి. 20,000 బిందువులు, ఆరు రకాలు ఉంటే లక్షా ఇరవై వేల గళ్ళు. తర్వాత లెక్కల్ని లెఫ్ట్ జాయిన్‌తో అందులోకి తెచ్చి, దొరకని చోట సున్నా వేయాలి. ఇక్కడో మెలిక ఉంది. దూరం షరతు, ‘తను కాకూడదు’ షరతు రెండూ ఆన్ దగ్గరే రాయాలి. అలవాటుకొద్దీ వేర్ దగ్గర రాశారో, లెఫ్ట్ జాయిన్ పేరుకే మిగిలి మామూలు జాయిన్ అయిపోతుంది, పోయినవాళ్ళు మళ్ళీ పోతారు. చివర్లో వరుసల సంఖ్యను ఇన్‌పుట్‌తో పోల్చి చూడండి. ఒక్క లైను పని.

పోయిన వరుసలు తిరిగొచ్చాక వాటిని మ్యాపు మీద వేసి చూశాను. ఎక్కువభాగం తోటల లోపలివి, కొన్ని హైవే అవతలివి. రకం గడిలో ‘తోట కట్టడం’ అని ఉంది. పంపుషెడ్లూ, మేకల కొట్టాలూ, ఎరువుల గదులూ అన్నీ ఆ పేరు కిందే. మరి వాటికి తాగునీటి ట్యాంకుతో పనేముంది అనుకోవచ్చు. నేనూ అనుకునేవాణ్ణేమో, ఆ వారాంతం అక్కడికి వెళ్ళకపోయి ఉంటే.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు కొత్త కాదు గానీ, అమెరికాలో ఉన్న పాఠకుల కోసం చెబుతున్నాను. ఈ తీరంలో తోటపని చేసేవాళ్ళు చాలావరకు బయటి దేశాలవాళ్ళు. బంగ్లాదేశ్, పాకిస్తాన్, మన దేశం. మనవాళ్ళలో కరీంనగర్, నిజామాబాదు వైపు నుంచి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు ఒమాన్ నిండా ఉన్నారు. ఖబూరా దగ్గర ఒక తోటలో జగిత్యాల వైపు మనిషి ఒకాయన కలిశాడు. మోటారు పక్కనే రేకులగది. లోపల మూడు మంచాలు, ఒక గ్యాస్‌పొయ్యి, గోడకి ఆంజనేయస్వామి క్యాలెండరు. సర్వేవాళ్ళు వచ్చారా అని అడిగితే, వచ్చారు, ఫోటో తీసుకున్నారు అన్నాడు. ఇంటి నంబరు రాసుకున్నారా అన్నాను.

“ఇంటికి నంబరు ఏడిది సార్? నంబరు తోటకే ఉన్నది.”

ఆ గది మా ఫైల్లో ఉంది. రకం: తోట కట్టడం. చుట్టూ 200 మీటర్లలో నివాసాలు: సున్నా. అది నివాసం కాదు కాబట్టి పక్క తోటలోని ఇలాంటి గదికి కూడా పొరుగు నివాసంగా లెక్కకు రాదు. పాత క్వెరీలో అయితే అసలు వరుసే లేదు. రెండుసార్లు మాయమైన గది అది. ఒకసారి జాయిన్‌లో, ఇంకోసారి రకంలో. జాయిన్‌ని నేను బాగుచేయగలను. రకాన్ని కంప్యూటరు ముందు కూర్చుని బాగుచేయలేం.

రకాల జాబితా ఎవరు తయారుచేస్తారో వాళ్ళ అవసరమే అందులో కనబడుతుంది. ఈ జాబితా మొదట ఆస్తి నష్టం కోసం తయారైంది. ఆస్తిగా చూస్తే ఆ గదికీ మేకల కొట్టానికీ తేడా లేదు. మాకు కావలసింది మాత్రం వేరే: రాత్రిపూట ఇక్కడ మనుషులు పడుకుంటారా? ఈ ఒక్క ప్రశ్నకు అవును కాదు అన్న గడి రెండో విడత సర్వేలో కలపమని రాశాను. ఖర్చు పెరుగుతుందని కొంత గొణిగి, చివరికి కలిపారు. అంకెలు క్లయింటువి కాబట్టి ఇక్కడ ఇవ్వను. మ్యాపు మాత్రం మారింది. అంతకుముందు ఎరుపంతా ఊరి మధ్య బజారు చుట్టూ ఉండేది, ఇప్పుడు తోటల పట్టీ పొడుగునా చిన్న చిన్న మచ్చలు తేలాయి.

ఇక అంచుల సంగతి. తీరాన ఉన్న ఇంటి చుట్టూ 200 మీటర్ల వృత్తం గీస్తే సగం సముద్రంలో పడుతుంది. విలాయతు సరిహద్దు దగ్గరున్న ఇంటి చుట్టూ గీస్తే సగం పక్క విలాయతులో పడుతుంది. రెండు చోట్లా పొరుగుల లెక్క తక్కువే వస్తుంది. బ్రయన్ రిప్లీ 1970లలో రాసిన పేపర్ల నుంచి ఈ అంచు దిద్దుబాట్ల మీద బోలెడు పని జరిగింది. వృత్తంలో ఎంత భాగం లోపల ఉందో చూసి లెక్కను ఆ మేరకు పెంచడం వాటిలో ఒక దారి. సాఫ్ట్‌వేరులో ఒక బటను నొక్కితే జరిగిపోతుంది. కానీ నొక్కేముందు ఆ రెండు అంచులూ ఒకటి కావని గుర్తుపెట్టుకోవాలి. సముద్రంలో ఇళ్ళు లేవు. అక్కడి సున్నా నిజమైన సున్నా. పక్క విలాయతులో ఇళ్ళున్నాయి, మన ఫైల్లో లేవు. అక్కడి సున్నా మనకు తెలియని సున్నా. ట్యాంకు దగ్గర ఎంతమంది చేరతారన్నది ప్రశ్న అయితే, సముద్రం వైపు లెక్కను పెంచడం అంటే చేపలకు నీళ్ళివ్వడమే. సరిహద్దు వైపు మాత్రం దిద్దుబాటు చేయాలి, లేదా ఇంకా మంచిది, అవతలి 200 మీటర్ల డేటా తెచ్చుకోవాలి. ప్రశ్న ‘ఎకరానికి ఎన్ని ఇళ్ళు’ అయితే అప్పుడు సముద్రాన్ని విస్తీర్ణంలోంచి తీసేయాలి. ప్రశ్నను బట్టి అంచు.

వాదీ కూడా ఒక అంచే, మ్యాపులో గీత లేని అంచు. ఇటువైపు ఇల్లు, అటువైపు ట్యాంకు, మధ్య 150 మీటర్లు. మామూలు రోజున నడిచి దాటొచ్చు. షహీన్ రోజున దాటితే మనిషి దక్కడు. మనం ఏ రోజు కోసం ఈ లెక్క వేస్తున్నామో ఆ రోజున వాళ్ళు పొరుగులు కారు. అందుకని వాదీ గట్లను గీతలుగా తెచ్చి, బిందువుల్ని అవి విడగొట్టిన ముక్కలుగా వేరుచేసి, ముక్కకు ముక్కే లెక్కపెట్టాం. కోడ్ చాలా తక్కువ. గీతలు తేవడానికే రోజులు పట్టింది.

200 మీటర్లే ఎందుకు అని మీరు ఇప్పటికే అడిగి ఉంటారు. నిండు బిందె మోసుకుని మనిషి ఎంత దూరం నడుస్తాడన్న దాన్నుంచి వచ్చింది అది. అలాంటి కారణం దొరికితే వ్యాసార్థం వాడండి. దొరకకపోతే 100, 200, 400 మూడూ వేసి, ఫలితం ఎంత మారుతుందో చూడండి. కొన్నిసార్లు దూరం బదులు ‘దగ్గరి ఐదుగురు’ అని సంఖ్య పెట్టుకోవడం మేలు. దీనికి మన గులాబ్ తీరం దాటిన వైపే ఉదాహరణ ఉంది. ఉద్దానం. సోంపేట, కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు గురించి మీరందరూ చదివే ఉంటారు. కారణం ఇదీ అని ఒక్కటి ఇంకా తేలలేదు. అలాంటిచోట ‘రోగుల పక్కన రోగులే ఎక్కువగా ఉన్నారా’ అని అడగాలంటే వృత్తం పనికిరాదు. ఊళ్ళో ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి, కొబ్బరి, జీడిమామిడి తోటల్లో ఇంటికీ ఇంటికీ చాలా దూరం. ఊళ్ళోని రోగి చుట్టూ రోగులు ఎక్కువ కనబడితే అక్కడ జనమే ఎక్కువ కావచ్చు. 1990లో కుజిక్, ఎడ్వర్డ్స్ అనే ఇద్దరు దీనికి చక్కటి పద్ధతి చెప్పారు. రోగులతోపాటు అదే జనంలోంచి ఆరోగ్యవంతుల్ని కూడా కొందర్ని తీసుకోవాలి. ఒక్కో రోగికి అందరికంటే దగ్గరగా ఉన్న, చెప్పాలంటే, ఐదుగురిలో రోగులెందరో లెక్కపెట్టి అన్నీ కూడాలి. జనం చిక్కగా ఉన్నచోట ఐదుగురు పక్కింట్లోనే దొరుకుతారు, పలచగా ఉన్నచోట కిలోమీటరు పోవాలి. లెక్క మాత్రం ఐదుగురికే. ఒక్క జాగ్రత్త: ఈ పొరుగుతనం ఇచ్చిపుచ్చుకునేది కాదు. తోటలో ఉన్నవాడికి ఊరి చివరి ఇల్లు దగ్గరి పొరుగు, ఊరి చివరి ఇంటికి తోటవాడు ఐదుగురిలోకి రాడు. వ్యాసార్థంతో అయితే ఇద్దరికీ ఇద్దరూ పొరుగులే.

లెక్క వచ్చాక అది పెద్దదా చిన్నదా అని ఎలా చెప్పడం? ఇందుకోసం కొన్ని అంకెలు ఊహించుకుందాం. నూరు కట్టడాల్లో 40 దెబ్బతిన్నాయి. దెబ్బతిన్న ఒక ఇల్లు తీసుకుంటే మిగిలిన 99లో దెబ్బతిన్నవి 39. అంటే నష్టం ఇష్టమొచ్చినట్టు చెదిరి ఉంటే, దాని పది పొరుగుల్లో దాదాపు నాలుగు దెబ్బతిని ఉండాలి. మన పట్టికలో సగటున ఏడు వచ్చిందనుకోండి. ఏడు ఎక్కువే, కానీ యాదృచ్ఛికంగా కూడా రావచ్చు కదా? దీనికి పెద్ద గణితం అక్కర్లేదు. ఇళ్ళను ఉన్నచోటే ఉంచి, ‘దెబ్బతింది’, ‘బాగుంది’ అన్న చీటీలను మాత్రం పేకముక్కల్లా కలిపి మళ్ళీ పంచాలి. మళ్ళీ లెక్క. ఇలా 999 సార్లు. అన్ని పంపకాల్లోనూ ఏడు దాటింది పది సార్లే అనుకోండి, అప్పుడు ఆ ఏడును నమ్మొచ్చు. ఇళ్ళను కదపకుండా చీటీలనే కలపడం ముఖ్యం. ఇళ్ళు తోటల వెంబడి, రోడ్ల వెంబడి గుంపులుగా ఉండటం మనకు ముందే తెలుసు, అది కనిపెట్టడానికి కంప్యూటరు అక్కర్లేదు.

ఈ పరీక్ష నెగ్గినా, పక్కింటి నష్టం వల్ల ఈ ఇంటికి నష్టం వచ్చిందని కాదు. ఇద్దరూ పల్లంలో ఉన్నారేమో, అంతే. రిపోర్టులో ఈ వాక్యం నేను రాస్తే కొట్టేశారు, మళ్ళీ రాశాను.

చివరికి మేమిచ్చిన పట్టికలో రకాల లెక్కలతోపాటు ఇంకో మూడు గడులు చేర్చాను: వృత్తంలో నేల ఎంత, సర్వే జరగని భాగం ఎంత, మనుషులు పడుకునే అత్యంత సమీప కట్టడానికి దూరమెంత. పొరుగుల లెక్క సున్నా వచ్చిన వరుసలకు ఈ మూడోది చాలా అవసరం. 210 మీటర్లలో పక్కగది ఉన్నవాడిదీ సున్నానే, మూడు కిలోమీటర్లలో ఎవరూ లేనివాడిదీ సున్నానే. ఎక్కువ లెక్క వచ్చినచోట్ల స్థిరంగా ట్యాంకులు, సున్నా వచ్చినవాళ్ళకు బండి తిరగడం – అని వాళ్ళు పథకం మార్చుకున్నారు. ఆ సున్నాలన్నిటినీ మూడో గడి ప్రకారం, దూరం ఎక్కువ నుంచి తక్కువకు పేర్చి వేరే కాగితం తీసిచ్చాం. బండి డ్రైవరు దగ్గర ఉండాల్సిన కాగితం అది.